రెండు గంటలకే ఆగిపోతున్న చార్జింగ్: నిజాంపేట సెల్లార్‌లో ఒక కేస్ స్టడీ

ఫిర్యాదు

దాదాపు 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు. నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, సెల్లార్ పార్కింగ్. గచ్చిబౌలిలో ఆఫీసు, రోజుకు తిరిగేది సుమారు 50 కిలోమీటర్లు. కారుతో వచ్చిన పోర్టబుల్ చార్జర్‌ను రాత్రి పదింటికి పిల్లర్ మీది 16 యాంప్ సాకెట్‌లో పెట్టి యజమాని పైకి వెళ్లిపోతారు. చలికాలమంతా ఏ ఇబ్బందీ రాలేదు. ఏప్రిల్ నుంచి చార్జింగ్ మధ్యలో ఆగడం మొదలైంది. రాత్రి 35 శాతం దగ్గర పెడితే తెల్లారేసరికి 48 దగ్గరే ఉంటోంది.

సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేశారు, బండిలో ఏ లోపమూ కనిపించలేదు. ఆఫీసు పార్కింగ్‌లోని వాల్ బాక్స్ (గోడకు బిగించే చార్జర్) మీద, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న డీసీ ఫాస్ట్ చార్జర్ మీద ఇదే కారు ఆగకుండా నిండుతోంది. బ్యాటరీ పోయిందేమో, కొత్త చార్జర్ కొనాలేమో అని ఇంట్లోవాళ్ల దిగులు. అసలు ఆచూకీ ఇచ్చింది వాచ్‌మన్: "సార్, పన్నెండు దాటినంక ఆ డబ్బా మీద ఎర్ర లైటు కొడ్తది. ప్లగ్గు తీసి కొంచెం సేపాగి పెడితే మళ్లీ నడుస్తది."

ఈ రెండు మాటల్లో చాలా ఉంది. ఆగేది చార్జర్ డబ్బా వల్ల, కారు వల్ల కాదు. కాసేపు ఆపితే మళ్లీ నడుస్తోందంటే ఎక్కడో ఏదో వేడెక్కి చల్లారుతోంది. చార్జర్ మాన్యువల్ ప్రకారం ఆ ఎర్ర లైటు వెలిగే తీరు ఎర్తింగ్ (లీకైన కరెంటును నేలలోకి దించే ఏర్పాటు) లోపానికి గుర్తు. ఎర్త్‌కూ వేడికీ సంబంధం ఏమిటన్నదే ఇక్కడ తేల్చాల్సిన సంగతి.

ఖాళీ సాకెట్‌ను కొలిస్తే ఏమీ తెలియదు

వైరింగ్ పనులు చేసే మేం వెళ్లకముందే అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ ఒకసారి చూసి వెళ్లాడు. మల్టీమీటర్ పెడితే ఫేజ్‌కూ (కరెంటు తెచ్చే వైరు) న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మధ్య 231 వోల్టులు, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య అర వోల్టు. "లైన్ బాగుంది, చార్జరే పాడైంది" అని తేల్చేశాడు. ఆ కొలతల్లో తప్పు లేదు. కాకపోతే అవి కరెంటు పారని సాకెట్ కొలతలు. వదులు స్క్రూ అయినా సన్నని వైరు అయినా లోడు పడితేనే బయటపడతాయి. ఎలక్ట్రిక్ కారు ఇంట్లో మరే వస్తువూ లాగని తీరులో లాగుతుంది. గీజర్ పావుగంటలో ఆగుతుంది. ఏసీ కంప్రెషర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది. కారు మాత్రం 13, 14 యాంపులను గంటల తరబడి ఊపిరి తీసుకోకుండా గుంజుతూనే ఉంటుంది.

అందుకని సాకెట్‌కు రెండు రూమ్ హీటర్లు పెట్టి, ఒకటి 2 కిలోవాట్ల మీద, ఇంకొకటి 1 కిలోవాట్ మీద నడిపి పరీక్ష మొదలుపెట్టాం. కారునే పెట్టి చూడొచ్చు కదా అంటే, చార్జర్ డబ్బా భద్రత కోసం తానే ఆగిపోతుంది, అసలు లోపం కనబడకముందే లోడు తీసేస్తుంది. హీటరుకు అలాంటి తెలివి లేదు కాబట్టి లోపం ముదిరేదాకా చూడొచ్చు. మనిషి పక్కన ఉండకుండా ఈ పరీక్ష చేయకూడదు.

వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో 13.6 యాంపులు. పెట్టిన వెంటనే సాకెట్ దగ్గర వోల్టేజ్ 231 నుంచి 219కి పడింది. న్యూట్రల్-ఎర్త్ వోల్టేజ్ 0.5 నుంచి 7.5కి ఎగబాకింది. గంటన్నర తర్వాత అదే 10 వోల్టులు దాటింది, సాకెట్ వోల్టేజ్ 216కి దిగింది. లోడు మారలేదు, న్యూట్రల్ దారి మాత్రం నిమిష నిమిషానికీ చెడిపోతోంది. పోర్టబుల్ చార్జర్లలో చాలావాటికి న్యూట్రల్, ఎర్త్ మధ్య వోల్టేజ్ ఒక హద్దు దాటితే ఎర్తింగ్ సరిగా లేదని లెక్కవేసి ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అది ఎర్త్ చెడిందా, న్యూట్రల్ చెడిందా అని విడదీసి చెప్పలేదు. ఎర్త్ లైటు వెలిగిందని అందరూ ఎర్త్ పిట్‌లో (ఎర్త్ వైరును నేలకు కలిపే గుంత) నీళ్లు పోస్తూ కూర్చోవడానికి కారణం ఇదే.

మీటర్ గదిలో ఎర్ర చుక్క

వైరింగ్ ఇలా ఉంది. మీటర్ గదిలో ఆ ఫ్లాట్ మీటరు తర్వాత ఒక 16 యాంప్ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తెంచే స్విచ్). అక్కడి నుంచి సెల్లార్ సీలింగ్ వెంబడి పీవీసీ పైపులో 38 మీటర్లు, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. అలాంటి కేసుల్లో అందరూ ముందు తిట్టేది వైరు సైజునే. లెక్క చూద్దాం. 2.5 స్క్వేర్ రాగి మెత్తని వైరుకు కిలోమీటరుకు దాదాపు 8 ఓంలు, 38 మీటర్లకు 0.3 ఓం. 13.6 యాంపుల మీద 4 వోల్టులు. ఫేజ్‌లో 4, న్యూట్రల్‌లో 4, మొత్తం 8 పడాలి. పడింది 12, ఆ తర్వాత 15. న్యూట్రల్ 4కు బదులు 7.5 తింటోందంటే అది ఈ వైరు అయ్యే అవకాశమే లేదు.

ఎంసీబీ దగ్గర కవరు తీస్తే బయటికి వెళ్లే పైపులో ఉన్నది ఒక్క ఫేజ్ వైరే! న్యూట్రల్ లేదు. ఆ ఫ్లాట్ మీటరు నుంచి వెళ్లే ఫేజ్ మీద క్లాంప్ పెడితే 15 యాంపులు దాటి చూపిస్తోంది, న్యూట్రల్ మీద పెడితే 2 యాంపులు కూడా లేవు. ఆ కాస్త కరెంటూ పైన అదే ఫ్లాట్‌లోని ఫ్రిజ్, ఫ్యాన్లు వాడుతున్నది. మీటరు ముఖం మీద ఎర్త్ అని రాసిన చిన్న ఎర్ర లైటు హీటర్లు ఆన్ చేసినప్పుడల్లా వెలుగుతోంది, ఆపితే ఆరిపోతోంది. ఇప్పటి సింగిల్ ఫేజ్ ఎలక్ట్రానిక్ మీటర్లు ఫేజ్ కరెంటును, న్యూట్రల్ కరెంటును విడివిడిగా కొలుస్తాయి. రెండూ కలవకపోతే ఆ లైటు వెలిగించి, ఎక్కువ ఉన్నదాని మీద బిల్లు లెక్క కడతాయి. కరెంటు దొంగతనాన్ని పట్టడానికి పెట్టిన ఏర్పాటు అది. తనిఖీకి వచ్చినవాళ్ల కంట్లో పడితే కారు యజమాని సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చేది.

మరి కారు న్యూట్రల్ ఎటు పోతోంది? సాకెట్ నుంచి వెనక్కి వెతికితే రెండు పిల్లర్ల అవతల సెల్లార్ ట్యూబ్‌లైట్ల జంక్షన్ బాక్స్‌లో తేలింది. పాత పైపు అప్పటికే నిండిపోయి ఉంటే ఒక వైరే దూరిందని, న్యూట్రల్‌ను దగ్గర్లోని కామన్ లైటింగ్ నుంచి తగిలించేశారు. లైట్ల కోసం వేసిన 1.5 స్క్వేర్ వైరు అది. 36 మీటర్లకు 0.48 ఓం, 13.6 యాంపుల మీద 6.5 వోల్టులు. కొలతలో కనిపించిన లెక్క ఇక్కడ సరిపోయింది. మిగిలిన 3, 4 వోల్టులు జంక్షన్ బాక్స్‌లోని అతుకులో ఉన్నాయి.

మూత తీయగానే కాలిన పీవీసీ వాసన. నల్లవైరు అతుకు చుట్టూ చుట్టిన టేపు బెల్లప్పాకంలా కారి గట్టిపడింది. దాని కింద రాగి పోగులు గులాబీ రంగు పోయి బూడిద రంగుకు తిరిగాయి, నాలుగు పోగులు ఇప్పటికే తెగి ఉన్నాయి. థర్మల్ కెమెరాలో 104 డిగ్రీలు. ఆ ఒక్క అతుకులో 3 వోల్టులు పడుతుంటే 13.6తో గుణించండి, 41 వాట్లు. అంత వేడి ఒక వేలి కణుపంత జాగాలో. వేడెక్కిన రాగికి ఆక్సైడ్ పడుతుంది, ఆక్సైడ్ వల్ల నిరోధం పెరుగుతుంది, దాంతో ఇంకా వేడి. చలికాలంలో ఈ గొలుసు హద్దు దాటకుండానే తెల్లారిపోయేది. ఏప్రిల్లో సెల్లార్ గాలే 36 డిగ్రీలు ఉండేసరికి రెండు గంటల్లో హద్దు దాటింది.

చార్జింగ్ ఆగిపోవడం ఇందులో చిన్న విషయం. ఎవరైనా ట్యూబ్‌లైట్ మార్చడానికి కామన్ లైట్ల ఎంసీబీ ఆపేసి, లైను చచ్చిందనుకుని ఆ న్యూట్రల్ అతుకు విప్పితే, కారు లోడు గుండా వచ్చిన 230 వోల్టులు ఆ విప్పిన నల్లవైరు మీద నిలబడి ఉంటాయి. నల్లవైరును భయం లేకుండా పట్టుకోవడం మన దగ్గర అలవాటు. ఇలా వేరే సర్క్యూట్ నుంచి తెచ్చుకున్న అరువు న్యూట్రల్‌ను మేం ఎక్కడ చూసినా వెంటనే ఆపించేది అందుకే, చార్జింగ్ కోసం కాదు. ఆ సర్క్యూట్‌కు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంచే స్విచ్) ఉండి ఉంటే మొదటి రోజే, మొదటి సెకనులోనే ట్రిప్ అయ్యేది. వెళ్లే కరెంటు, తిరిగివచ్చే కరెంటు సమానంగా లేకపోతే ఆగడమే దాని పని. ఆర్‌సీసీబీ పెట్టకపోవడం వల్లే ఈ తప్పు ఇన్నాళ్లు దాగింది.

అదే రోజు ఆ అతుకు నుంచి కారు న్యూట్రల్‌ను విడదీసి, లైట్ల వైరు కాలిన భాగం కోసి కనెక్టర్‌తో కలిపి, కారు ఎంసీబీని ఆఫ్ చేసి టేపు చుట్టి వచ్చాం. కొత్త లైను పడేదాకా యజమాని ఆఫీసు చార్జర్ మీదే గడిపారు.

ఎర్త్ కూడా బాగోలేదు

అసలు కారణం దొరికాక ఎర్త్ సంగతి వదిలేయలేదు. ఎర్త్ టెస్టర్‌తో మూడు మేకుల పద్ధతిలో కొలిస్తే బిల్డింగ్ పాత పిట్ 18 ఓంలు. హైదరాబాద్ నేల సంగతి తెలిసిందే, ఐదారడుగులు తవ్వితే చాలాచోట్ల గ్రానైట్ రాయి తగులుతుంది, ఆ పై మట్టి కూడా మే నెలకు ఎండి బీటలు వారుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన పాత తరహా పిట్‌కు నీళ్లు పోయకపోతే వేసవిలో నిరోధం ఇలాగే పెరుగుతుంది. 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ 18 ఓంల మీద కూడా పనిచేస్తుంది. కానీ ఎర్త్ తనిఖీ చేసే చార్జర్లు తరచూ పేచీ పెడతాయి, పిడుగు వల్ల వచ్చే వోల్టేజ్ పోటును (సర్జ్) ఎస్‌పీడీ అనే రక్షణ పరికరం నేలలోకి దించాలన్నా ఆ దారి బాగుండాలి. మా లక్ష్యం 5 ఓంల లోపు.

పిట్ కోసం డ్రిల్ చేస్తే ఆరడుగుల దగ్గర రాయి తగిలింది. రాయిని తొలిచే బదులు రెండు చోట్ల, మూడు మీటర్ల దూరంలో, రాగి పూత రాడ్లు దింపి చుట్టూ బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) కలిపిన మట్టి నింపాం. రెంటినీ 25×3 మిల్లీమీటర్ల జీఐ (జింక్ పూత ఇనుము) పట్టీతో కలిపాం. రాడ్లు దగ్గరదగ్గరగా ఉంటే రెండోది ఉన్నా లేనట్టే. ఆ తర్వాత కొలత 4.2 ఓంలు. ఈ కొత్త ఎర్త్‌ను బిల్డింగ్ పాత ఎర్త్‌తో కలిపాం. కారుకు వేరే ఎర్త్, ఇంటికి వేరే ఎర్త్ అని విడిగా ఉంచితే మంచిదని కొందరు నమ్ముతారు, అది ప్రమాదం. ఒక చేయి కారు మీద, ఇంకో చేయి పక్కనున్న మోటార్ స్టార్టర్ డబ్బా మీద పడిన మనిషికి ఆ రెండు ఎర్తుల మధ్య తేడా వోల్టేజ్ తగులుతుంది.

కొత్త లైను

యజమాని ఇప్పటికి 3.3 కిలోవాట్ల చార్జర్‌తోనే సరిపెట్టుకుంటానన్నారు. రోజుకు 50 కిలోమీటర్లకు గోడ దగ్గర 8 యూనిట్లు, మూడు గంటల పని, కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. కానీ పైపు ఒకసారే వేస్తాం. రేపు 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ పెడితే 32 యాంపులు కావాలి. డ్రైనేజీ లైనును తప్పించి వేసిన కొత్త దారి 42 మీటర్లు. 32 యాంపుల మీద 6 స్క్వేర్ వైరులో దాదాపు 9 వోల్టులు పడతాయి, 10 స్క్వేర్‌లో 5. వైరు వేడికి 6 స్క్వేర్ తట్టుకుంటుంది, వోల్టేజ్ కోసం 10 వేశాం. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ 10 స్క్వేర్, ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ (మంట త్వరగా అంటని, పొగ తక్కువ వచ్చే) రకం, 32 మిల్లీమీటర్ల పైపులో, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా. ఖర్చులో సగానికి పైగా ఈ రాగిదే, అయినా తగ్గించుకోవాలని చూసే చోటు ఇది కాదు.

లైను తీసిన చోటు ముఖ్యం. అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉంది, ఒక్కో ఫ్లాట్‌కు ఏసీసీఎల్ అనే డబ్బా ఉంటుంది. కరెంటు పోతే అది ఫ్లాట్‌ను జనరేటర్ మీదికి మార్చి, ఇచ్చిన కోటా దాటితే కట్ చేస్తుంది. కారు లైను ఏసీసీఎల్ తర్వాత తీస్తే కరెంటు పోయిన ప్రతిసారీ ఇంట్లో లైట్లు కూడా పోతాయి. అందుకని మీటరు తర్వాత, ఏసీసీఎల్‌కు ముందు తీశాం. కరెంటు పోతే కారు ఆగుతుంది, వస్తే దానంతట అదే మళ్లీ మొదలవుతుంది.

మీటర్ గదిలో ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంచే డబుల్ పోల్ ఎంసీబీ 20 యాంపులు, సీ-కర్వ్ (క్షణికమైన కరెంటు పోటుకు పడిపోని రకం). పాతది 16 యాంపులు. ఎంసీబీ రేటింగ్ 30 డిగ్రీల మీద లెక్కించినది. వేసవిలో మూసిన మీటర్ గదిలో 45 డిగ్రీలు దాటినప్పుడు, అటూ ఇటూ వేడెక్కిన ఎంసీబీల మధ్య ఇరుక్కున్న 16 యాంప్ ఎంసీబీ 14 యాంపులకే గంటల తర్వాత పడిపోవచ్చు. ఏ దోషమూ లేని చోట కూడా "చార్జింగ్ ఆగుతోంది" అని వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి. వాల్ బాక్స్ వచ్చినప్పుడు దీన్ని 40కి మార్చాలి, వైరు అందుకు సిద్ధంగా ఉంది. పక్కనే టైప్ 2 ఎస్‌పీడీ, 270 వోల్టులు దాటితే తెంచే ఓవర్ వోల్టేజ్ రిలే. లైను న్యూట్రల్ తెగినప్పుడు ఒక ఫేజ్ మీద 300 దాటి వచ్చే ప్రమాదాన్ని ఎంసీబీ గానీ ఆర్‌సీసీబీ గానీ ఆపవు.

కారు దగ్గర 40 యాంపులు, 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ, టైప్ ఏ. దుకాణంలో ఆర్‌సీసీబీ అడిగితే తరచూ చేతిలో పెట్టేది టైప్ ఏసీ, అంటే ఏసీ లీకేజ్‌ను మాత్రమే గుర్తించేది. కారు చార్జర్‌లోంచి నున్నటి డీసీ లీకేజ్ వస్తే దాని లోపలి కోర్ సంతృప్తమై, నిజమైన షాక్ లీకేజ్‌ను కూడా పసిగట్టలేని స్థితికి వస్తుంది. వాల్ బాక్స్ లోపల 6 మిల్లీయాంప్ డీసీ గుర్తింపు ఉంటే బయట టైప్ ఏ చాలు, లేకపోతే డీసీ లీకేజ్‌ను కూడా గుర్తించే టైప్ బీ పెట్టాలి. వాల్ బాక్స్ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, యాప్ గురించి కాదు.

సాకెట్ మాడ్యులర్ స్విచ్ పక్కన ఉండే మామూలు రకం కాకుండా లోహపు తొడుగున్న (మెటల్ క్లాడ్) 16 యాంప్, దుమ్ము, నీళ్లు చొరకుండా కాచే ఐపీ55 డబ్బాలో. ఎత్తు నేల నుంచి 1.4 మీటర్లు. సెల్లార్ గోడ మీద పాత వరద నీటి గీత ఒకటి మోకాలి పైదాకా ఉంది, 2020 అక్టోబర్ వానలు చూసిన నగరంలో సాకెట్‌ను నడుము కింద పెట్టడం తగదు. చార్జర్ డబ్బా బరువు ప్లగ్గు మీద వేలాడకుండా పక్కన కొక్కెం కొట్టాం. రెండు కిలోల బరువు రోజూ లాగుతుంటే లోపలి పిన్ పట్టు ఏడాదిలో వదులవుతుంది. వైరు కొసలన్నిటికీ లగ్గులు (లోహపు తొడుగులు) నొక్కి బిగించాం, పోగులు మెలిపెట్టి నేరుగా స్క్రూ కింద దూర్చలేదు.

పని అయ్యాక

ఇన్సులేషన్‌ను పరీక్షించే 500 వోల్ట్ మెగ్గర్‌తో కొలిస్తే 200 మెగాఓంల పైన. మెగ్గర్ తిప్పే ముందు ఎస్‌పీడీ, రిలే, చార్జర్ విప్పి పక్కన పెట్టాలి, లేకపోతే అవి పోతాయి. ఆర్‌సీసీబీని టెస్ట్ బటన్‌తో ఊరుకోకుండా టెస్టర్‌తో 30 మిల్లీయాంపుల మీద ట్రిప్ చేసి చూశాం, 0.3 సెకను హద్దు లోపలే పడింది.

తర్వాత కారు పెట్టి మూడు గంటలు. కరెంటు అదే 13.6 యాంపులు, సాకెట్ దగ్గర 229 వోల్టులు, న్యూట్రల్-ఎర్త్ 1.6 వోల్టులు, మూడో గంటలో కూడా 1.6. ప్లగ్గు పిన్ల దగ్గర 47 డిగ్రీలు, సెల్లార్ గాలి 36. మీటరు మీది ఎర్త్ లైటు వెలగలేదు. నెల తర్వాత అన్ని స్క్రూలూ మళ్లీ ఒకసారి బిగించాం, కొత్త రాగి మొదటి వేడి చల్లదనాలకు కాస్త సర్దుకుని వదులవుతుంది. ఈ రెండో బిగింపు చాలామంది చేయరు.

బిల్లు విషయానికొస్తే, నెలకు 25 రోజులు తిరిగితే సుమారు 200 యూనిట్లు కారుకు పోతాయి. ఆ ఇంట్లో ముందే 250 యూనిట్ల వాడకం ఉంది, కాబట్టి కారు యూనిట్లన్నీ పై శ్లాబుల్లో పడతాయి: 300 దాకా 7.70, 400 దాకా 9, ఆ పైన 9.50 రూపాయల లెక్కన దాదాపు 1,760 రూపాయలు, 1,250 కిలోమీటర్లకు కిలోమీటరుకు రూపాయిన్నర లోపే. ఇంటి కనెక్షన్ మీద కారు చార్జ్ చేసుకోవడానికి కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాలు అనుమతించాయి, ప్రత్యేక కనెక్షన్ తీసుకునే వీలును 2024 సవరణ నియమాలు కల్పించాయి. వాల్ బాక్స్‌కు మారే రోజున మాత్రం ముందు కరెంటు పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్‌లో అదనపు లోడుకు, అవసరమైతే త్రీఫేజ్ మీటరుకు దరఖాస్తు పెట్టాలి. 5 కిలోవాట్ల కనెక్షన్ మీద 7.2 కిలోవాట్ల చార్జర్, గీజర్ కలిసి నడవవు.

అసోసియేషన్‌లో వచ్చిన అభ్యంతరం ఒక్కటే, కారు కామన్ కరెంటు వాడుతోందని. న్యూట్రల్ కామన్ లైన్లో ఉన్నన్నాళ్లూ ఆ అనుమానానికి ఆధారం ఉంది. కొత్త లైను వేశాక సెక్రటరీ ముందే కారు పెట్టి, కామన్ లైట్ల వైర్ల మీద క్లాంప్ మీటర్ పట్టి చూపించాం, లైట్ల కరెంటు తప్ప ఇంకేమీ లేదు. అదే సమయంలో మిగతా పిల్లర్ల సాకెట్లన్నీ తనిఖీ చేస్తే ఇంకో రెండు స్కూటర్ చార్జింగ్ పాయింట్లకు కూడా ఇదే అరువు న్యూట్రల్ దొరికింది. వాటి కరెంటు తక్కువ కాబట్టి ఎప్పుడూ వేడెక్కలేదు, ఆగలేదు, ఎవరికీ తెలియలేదు. రెండింటికీ సొంత న్యూట్రల్ లాగి, ఒక్కోదానికి 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ పెట్టాకే జంక్షన్ బాక్స్ మూత మళ్లీ బిగించాం.